నర్సింగ్ హోమ్‌లో పెద్దవాళ్లు: సంతకం పెట్టే ముందు ఆగండి

అమెరికాలో అమ్మనో నాన్ననో నర్సింగ్ హోమ్‌లో చేర్చే రోజు మన చేతిలో ఒక కాగితాల కట్ట పెడతారు. అందులో 'ఆర్బిట్రేషన్' ఒప్పందం ఉందేమో చూడండి. దానిమీద సంతకం పెడితే, రేపు ఏదైనా జరిగినా కోర్టుకు వెళ్లే దారి మూసుకుపోతుంది.

మెడికేర్, మెడికెయిడ్ డబ్బు తీసుకునే సంస్థలకు 2019లో ఫెడరల్ ప్రభుత్వం నిబంధన పెట్టింది. ఆ సంతకం పెడితేనే చేర్చుకుంటామని అనకూడదు. మీకు అర్థమయ్యే భాషలో వివరించాలి. సంతకం పెట్టేసినా 30 రోజుల్లోగా రద్దు చేసుకోవచ్చు.

ఇంగ్లీషు రాని పెద్దవాళ్లు తమ బాధ చెప్పుకోలేరు. వీపుమీద పుండ్లు, కమిలిన మచ్చలు, ఉన్నట్టుండి బరువు తగ్గడం కనిపిస్తే, వయసు మీదపడిందిలే అని సరిపెట్టుకోకండి. సిబ్బంది వీలు కోసం కట్టేయడం, మత్తుమందులిచ్చి పడుకోబెట్టడం 1987 చట్టం ప్రకారం తప్పు.

ఫొటోలు తీయండి, తేదీలు రాసుకోండి. ప్రతి రాష్ట్రంలోనూ ఇలాంటి ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్ ఉంటారు. పైసా ఖర్చు లేదు. 1-800-677-1116కు ఫోన్ చేస్తే వివరాలు చెబుతారు. ప్రాణాపాయమైతే వెంటనే 911కు చేయండి.

ఈ కేసుల్లో చాలామంది లాయర్లు ముందుగా ఫీజు అడగరు, వచ్చిన పరిహారంలో వాటా తీసుకుంటారు. దావా వేసే గడువు రాష్ట్రానికొక రకం. కాబట్టి ఆలస్యం చేయకండి.