పెరటిలో రొట్టెల బట్టీ

మూడు రాళ్లమీద కుండ నుంచి క్రింద మంట పెట్టినచో, ఆ మంట ఉన్నంతసేపే వంట సాగును. పుట్టిన వేడిలో అధికభాగము గాలిలో కలిసిపోవును. రొట్టెల బట్టీ తీరు వేరు. అందులో మొదట రెండు మూడు గంటలు కట్టెలు మండును. ఇటుకలు ఆ వేడిని త్రాగును. పిమ్మట నిప్పులను వెలికి లాగివేసి, ఇటుకలు తిరిగి విడుచు వేడితో రొట్టెలు కాల్చుదురు. ఇటుక బట్టీ యనగానే పల్లెవారికి ఇటుకలను కాల్చు ఆవము తోచును గాని, ఇది ఇటుకలను కాల్చునది కాదు, ఇటుకలతో కట్టినది.

ఇట్టి బట్టీ మిక్కిలి ప్రాచీనమైనది. క్రీ.శ. 79లో వెసూవియసు అగ్నిపర్వతపు బూడిదలో మునిగిపోయిన పాంపే నగరమును త్రవ్వినపుడు గుమ్మటపు బట్టీలును, బొగ్గుగా మారిన రొట్టెలును బయల్పడినవి. మన హైదరాబాదు నగరమున ఇరానీలు నెలకొల్పిన రొట్టెల దుకాణములలో కట్టెల బట్టీలు చిరకాలము పనిచేసినవి.

గోదావరి చేరువనున్న పినపాక వంటి అడవి అంచు గ్రామమున దీనిని కట్టదలచినవారికి ఇసుక, బంకమన్ను, ఎఱ్ఱ ఇటుక సులభముగనే లభించును. లోపలి నేలకు కావలసిన అగ్ని ఇటుకలను మాత్రము పట్టణమునుండి తెప్పించుకొనవలెను. అధికమైన వేడిని తట్టుకొను ప్రత్యేకమైన మన్నుతో వానిని చేయుదురు. బొగ్గు పొరలున్న ప్రాంతములలో ఇట్టి మన్ను తరచు కనబడును.

బట్టీ బరువు టన్నుకు మించవచ్చును. కావున గట్టినేల తగులువరకు త్రవ్వి పునాది వేయవలెను. నల్లరేగడి యైనచో మరింత జాగ్రత్త అవసరము. అది వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారును. పునాదిపై మూడువైపుల గోడలు లేపి, వానిమీద ఇనుపచువ్వలతో అయిదు అంగుళముల మందమున కాంక్రీటు పలక పోయుదురు. మేస్త్రీలు దీనినే స్లాబు అందురు. నిలుచున్న మనిషి నడుము ఎత్తున బట్టీ నేల ఉండునట్లు పీఠము నమర్చినచో వంగు బాధ తప్పును. పీఠము క్రింది చోటు కట్టెలు దాచుటకు పనికివచ్చును.

క్రొత్తవారు పొరపడునది ఇచ్చటనే. కాంక్రీటు రాయివలె కనబడుటచే దానికి నిప్పు భయము లేదని తలంచి, దానిమీదనే ఇటుకలు పరచుదురు. కాని సుమారు 300 డిగ్రీల సెంటీగ్రేడు దాటిన పిదప కాంక్రీటు బలము తగ్గసాగును; 600 డిగ్రీలకు సుమారు సగము నశించును. సిమెంటులో బంధింపబడియున్న నీరు వెడలిపోవుటయు, లోపలి రాళ్లు ఒక తీరున, సిమెంటు మరియొక తీరున వ్యాకోచించుటయు దీనికి కారణములు. అంతేకాదు, పలక వేడిని నిరంతరము పీల్చుకొనును. ఎన్ని కట్టెలు వేసినను రొట్టె అడుగు పచ్చిగనే ఉండును. అందుచే పలకకును ఇటుకలకును నడుమ వేడిని ఆపు పొర నాలుగు అంగుళములైనను ఉండవలెను. నెల్లూరు అభ్రకపు గనుల ప్రాంతమున దొరకు వెర్మిక్యులైటు అను ఖనిజము కాల్చినపుడు పలురెట్లు ఉబ్బి తేలికయగును. దానిని కొద్ది సిమెంటుతో కలిపి వాడుదురు. వరి మిల్లుల ఊక బూడిదయు మంచి వేడి నిరోధకమే. రెండింటిలోను రహస్య మొక్కటే: లోపల చిక్కుకొన్న గాలి.

ఈ పొరపై సన్నని ఇసుక పరచి, సున్నము గాని సిమెంటు గాని లేకుండ అగ్ని ఇటుకలను ఒత్తుగా పేర్చవలెను. వాని నడుమ తడియిసుకను గుమ్మటాకారముగ పోసి, తడికాగితములు కప్పి, దానిమీద ఇటుకలను బంకమన్ను, ఇసుక కలిపిన అడుసుతో వరుసలుగా కట్టుదురు. గుమ్మటము గట్టిపడిన పిమ్మట ఇసుకను వాకిలిగుండ తోడివేయుదురు. వాకిలి ఎత్తు ముఖ్యము. లోపలి ఎత్తు 18 అంగుళములైనచో వాకిలి 11 అంగుళములకు కొంచెము మించవలెను; అనగా నూటికి 63 పాళ్లు. అంతకంటె ఎక్కువైన వేడి పారిపోవును, తక్కువైన మంటకు గాలి చాలదు. ఆ వాకిలి అడుగుభాగమునుండియే చల్లగాలి లోనికి పోవును, పైభాగమునుండియే పొగ వెలికి వచ్చును.

పొగగొట్టపు చోటు చూచినవారికి వింత తోచును. 1953లో హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలకు చెందిన ఎస్.పి. రాజు పొగ లేని వంటయిళ్లను గూర్చి గ్రంథము ప్రకటించెను. ఆ పొయ్యిలో మంట ఒక కొసన, గొట్టము మరియొక కొసన ఉండును. వేడిగాలి వరుసనున్న పాత్రల క్రిందుగా పోయి వెలువడును. రొట్టెల బట్టీలోనో గొట్టము వెనుక నుండక, వాకిలికి ముందే ఉండును. వేడిగాలి గుమ్మటపు వంపునంటి తిరిగివచ్చిన గాని బయటికి పోజాలదు.

కట్టిన మరునాడే పెద్దమంట వేయరాదు. ఇటుకలలోను అడుసులోను నీరు నిలిచియుండును. నీరు ఆవిరియైనచో 1600 రెట్లకు పైగా పెరుగును. దారి దొరకని ఆవిరి గుమ్మటమును చీల్చును. వారము దినములు చిన్న మంటలతో మెల్లగా ఆరబెట్టవలెను. జూనులో వానలు మొదలగులోపల పైన పెంకుల కప్పు వేయుటయు అవసరమే.

నిజము చెప్పవలెనన్న, నిత్యము అన్నము వండుటకు ఇది తగదు. ఒక్క పూట కొరకు గంపెడు కట్టెలు కాల్చుట నష్టము. ఫ్రాన్సు పల్లెలలో ఊరుమ్మడి బట్టీ యొకటి ఉండి, ఇంటింటివారును ముద్దలు తెచ్చి కాల్చుకొనెడివారు. పినపాకలోను నాలుగిండ్లవారు కలిసినచో ఒక్క మంట అందరికి సరిపోవును. దీనికై అడవిలో పచ్చిచెట్టు కొట్ట పనిలేదు. సారపాక కాగితపు మిల్లుకై రైతులు పెంచు జామాయిలు తోటలలో మిగులు కొమ్మలు చాలును.

మంట వేయగనే గుమ్మటము మసితో నల్లబడును. వేడి ముదిరిన కొలది ఆ మసియే మండిపోయి ఇటుకలు తెల్లబడును. బట్టీ సిద్ధమైనదనుటకు అదియే గుర్తు. మొదటి వేడిలో పలుచని రొట్టెలు నిమిషములలో కాలును. కొంత తగ్గిన పిదప ఉబ్బు రొట్టెలు, ఆపై బిస్కత్తులు, సాయంకాలమునకు చిలగడదుంపలు. చివరకు లోపల చేయి పెట్టి ఇరువది లెక్కించగలిగినంత చల్లారినపుడు మరునాటి కట్టెలను పేర్చి వాకిలి మూయుదురు. అంతకు ముందు పెట్టినచో అవి లోపలనే అంటుకొనును. తెల్లవారుసరికి ఆ కట్టెలు ఒకదానితో నొకటి తట్టిన ఖణేలుమను నంతగా ఎండి యుండును.