అప్‌గ్రేడ్ అయ్యింది.. నెట్‌వర్క్ పోయింది!

రాత్రి వర్చువల్ సర్వర్‌ని అప్‌గ్రేడ్ చేసి రీబూట్ చేశారు. ఆ తర్వాత ఎస్‌ఎస్‌హెచ్ కనెక్ట్ కావడం లేదు, పింగ్‌కి జవాబు లేదు. తెల్లారేసరికి సైట్ నడవాలి. ఏం చేస్తారు? లినక్స్ అడ్మిన్, క్లౌడ్ సపోర్ట్ ఇంటర్వ్యూల్లో ఇలాంటి ప్రశ్న వేసేది మీకెన్ని కమాండ్లు వచ్చో లెక్కపెట్టడానికి కాదు. ఏ వరసలో ఆలోచిస్తారో చూడటానికి!

ముందు లోపలికి దారి

నెట్‌వర్క్ లేనంత మాత్రాన సర్వర్ పోయినట్టు కాదు. పదేపదే రీబూట్ చేయకుండా క్లౌడ్ సంస్థ ఇచ్చే కన్సోల్ తెరవండి. మానిటర్, కీబోర్డు నేరుగా తగిలించినట్టే పనిచేస్తుంది. అయితే దానికి పాస్‌వర్డ్ కావాలి. కీతో మాత్రమే లాగిన్ అయ్యేవాళ్లు అప్‌గ్రేడ్‌కి ముందే పాస్‌వర్డ్ పెట్టుకుని, స్నాప్‌షాట్ తీసుకోవాలి.

కింది నుంచి పైకి

- ‘ఐపీ లింక్’: నెట్‌వర్క్ కార్డు కనిపిస్తోందా? ‘అప్’లో ఉందా?
- ‘ఐపీ అడ్రస్’: కార్డుకి ఐపీ వచ్చిందా?
- ‘ఐపీ రూట్’: డిఫాల్ట్ గేట్‌వే ఉందా?
- బయటి ఐపీకి పింగ్ వెళ్తూ, సైట్ పేరుకి వెళ్లకపోతే డీఎన్‌ఎస్‌ని అనుమానించండి.
- అన్నీ బాగున్నా బయటివారు లోపలికి రాలేకపోతే ఫైర్‌వాల్, ఎస్‌ఎస్‌హెచ్ సర్వీసు చూడండి.

పాత పేరుతో పిలిస్తే..

పాత సర్వర్లలో కార్డు పేరు ‘ఈటీహెచ్0’. 2013లో వచ్చిన సిస్టమ్‌డీ 197 వెర్షన్ ‘ఈఎన్‌ఎస్3’ లాంటి కొత్త పేర్ల పద్ధతి తెచ్చింది. అప్‌గ్రేడ్‌తో కార్డు పేరు మారి, సెట్టింగుల ఫైల్‌లో పాత పేరే ఉండిపోతే ఐపీ రాదు. పేరు మార్చుకున్న మనిషిని పాత పేరుతో పిలిస్తే పలుకుతాడా?

సెట్టింగులు ఉండే చోటూ మారొచ్చు. ఉబుంటు 17.10 నుంచి కొత్త ఇన్‌స్టలేషన్లలో నెట్‌ప్లాన్ వచ్చింది. అక్కడ మార్పులు చేసేటప్పుడు ‘నెట్‌ప్లాన్ ట్రై’ వాడండి. 120 సెకన్లలో మీరు సరే అనకపోతే పాత సెట్టింగులే తిరిగొస్తాయి. ఒక్కసారికి ఒక్క మార్పే చేయండి. లేదంటే దేనివల్ల బాగైందో తెలియదు.

మీరే చెడగొట్టండి

వర్చువల్‌బాక్స్‌లో ఉబుంటు వేసి, స్నాప్‌షాట్ తీయండి. కార్డు పేరు కావాలనే తప్పు రాసి రీబూట్ చేయండి. కన్సోల్ నుంచి బాగుచేస్తూ ఏం చూశారో, ఏం తేలిందో వరసగా రాసుకోండి. ఫ్రెషర్లని ‘అనుభవం ఉందా?’ అని అడిగితే, చూపించడానికి ఆ నోట్సు ఉంటుంది.