ఛాయాగ్రహణము - అనుగ్రహము

ఛాయాగ్రహణ మను పదము నూతనమైనను దానియందలి గ్రహధాతువు ప్రాచీనము. చేకొనుట దాని యర్థము. ఉపసర్గభేదముచే నదియే అనుగ్రహమును, నిగ్రహమును నగును. ఈ మూఁటికిని గల సంబంధము నెఱుఁగనివాఁ డీ విద్య నెఱుఁగఁడు. మన జొన్నగిరి చెంతనున్న ఎఱ్ఱగుడి బండలపై అశోకశాసనములకు అచ్చు తీయువాఁడు రాతి యనుమతి నడుగ నక్కఱలేదు. మనుష్యుని రూపము గ్రహించువాని కది యవశ్యము. అమెరికా దేశీయురాలగు మార్గరెట్ బర్క్-వైట్ చరిత్ర మిందులకు నిదర్శనము.

ఈమె 1904లో న్యూయార్కు నగరమున జన్మించెను. ఉక్కు కర్మాగారముల చిత్రములచే తొలుత ఖ్యాతి నొంది, 1930లో సోవియట్ దేశమునకుఁ బోయి యచ్చటి పరిశ్రమలను చిత్రించెను. 1936 నవంబరు 23వ తేదీని వెలువడిన లైఫ్ వారపత్రిక ప్రథమసంచిక ముఖపత్రమున నున్నది ఈమె తీసిన ఫోర్ట్ పెక్ ఆనకట్ట చిత్రమే. 1941లో మాస్కోపైఁ గురిసిన జర్మనుల బాంబులను, 1945లో బూకెన్‌వాల్డ్ నిర్బంధశిబిరమును లోకమునకుఁ జూపెను. యంత్రశోభను వెదకిన చూపు క్రమముగా మానవదుఃఖమునకు మరలెను.

1946లో ఈమె గాంధీమహాత్ముని రాట్నముతోఁ జిత్రింపఁ గోరఁగా, మహాత్ముని కార్యదర్శి ముందుగా నూలు వడకుట నేర్చుకొమ్మనెను. పత్తి పండించు ఆదవాని సీమవారికిని, ఎమ్మిగనూరు నేఁతగాండ్రకును ఈ నియమ మసంగతముగాఁ దోఁపదు. పని నెఱుఁగక పనివాని నెఱుఁగుట యెట్లు? ఆమె నేర్చుకొనెను. నాఁడు మహాత్మునకు మౌనదినము. తీవ్రమగు వెలుఁగు ఆయనకు సరిపడదు గావున మూఁడు మెఱుపుదీపములకే యనుమతి లభించెను. మొదటి రెండును వ్యర్థములయ్యెను. మూఁడవది ఫలించెను. రాట్నము ముందును మహాత్ముఁడు వెనుకను గల యా ప్రసిద్ధచిత్ర మట్లు లభించినది.

1948 జనవరి 30వ తేదీని, మహాత్ముని హత్యకుఁ గొన్ని గంటలకు ముందు, ఈమె ఆయనతో సంభాషించెను. ఆ సాయంకాలము మృతదేహమున్న గదిలో మెఱుపుదీపము వెలిగింపఁగా శోకార్తులు కోపించి యామెను వెలుపలికిఁ బంపిరి.

కన్ను ఒక్కటే, యంత్ర మొక్కటే. మొదటిచోట అనుగ్రహము గ్రహణమునకు ముందు నడచెను. రెండవచోట నిగ్రహము లోపించెను. 1971లో మరణించిన యీ ధీరురాలి ఘనత కిది కొఱఁత గాదు. వార్తాచిత్రకారులకు మాత్ర మిది నిత్యపాఠము.