నూనూగు మీసాల ప్రపంచ కప్

2017 అక్టోబర్ 9, ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం. కొలంబియా మనకన్నా ఒక గోల్ ముందుంది. 82వ నిమిషంలో మనకు కార్నర్ కిక్ దొరికింది. సంజీవ్ స్టాలిన్ కొట్టిన బంతి గాలిలో వంపు తిరిగి వచ్చింది. మణిపూర్ కుర్రాడు జీక్సన్ సింగ్ అందరికన్నా పైకెగిరి దాన్ని తలతో వలలోకి నెట్టాడు. ఫిఫా ప్రపంచ కప్పుల్లో, ఏ వయసు వాళ్ళ కప్పైనా సరే, భారతదేశం కొట్టిన మొట్టమొదటి గోల్ అదే. 1950లో పెద్దల ప్రపంచ కప్‌కు బ్రెజిల్ వెళ్ళే అవకాశం వచ్చినా వెళ్ళలేకపోయిన దేశం మనది. అప్పటినుంచి 67 ఏళ్ళు ఎదురుచూస్తే వచ్చిన గోల్ అది. స్టేడియంలో ఆ కేకలు ఇంకా సద్దుమణగనేలేదు, మరుసటి నిమిషంలోనే కొలంబియా ఆటగాడు పెన్యాలోసా తన రెండో గోల్ కొట్టేశాడు. 1-1 కాస్తా 2-1 అయిపోయింది. లీగ్ దశలో మూడు మ్యాచ్‌లూ ఓడిపోయాం. అయినా ఆ రాత్రి సంగతి ఎత్తితే నాకు గుర్తొచ్చేది ఓటమి కాదు, ఆ ఒక్క నిమిషమే.

అండర్‌-17 ప్రపంచ కప్‌లో ఇలాంటి నిమిషాలు బోలెడు. వాటిలో కొన్ని ఇక్కడ.

ఈ కప్పుకు పురుడు పోసింది యూరప్ కాదు, దక్షిణ అమెరికా కాదు, మన ఆసియా ఖండమే. 1977లో సింగపూర్ ఫుట్‌బాల్ సంఘం పదహారేళ్ళ లోపు పిల్లల కోసం ‘లయన్ సిటీ కప్’ పెట్టింది. ఆ వయసు వాళ్ళకు ప్రపంచంలో అదే తొలి టోర్నీ. 1982లో ఫిఫా ప్రధాన కార్యదర్శి సెప్ బ్లాటర్ అక్కడికి వెళ్ళి చూశాడు. ఆయన సిఫారసుతోనే 1985లో చైనాలో మొదటి అండర్‌-16 ప్రపంచ టోర్నీ జరిగింది. 1991లో ఇటలీలో జరిగినప్పటి నుంచి వయసు హద్దు పదిహేడుకు పెరిగింది.

ఆ మొదటి కప్పు ఎవరు పట్టుకెళ్ళారంటారా? నైజీరియా. బీజింగ్ ఫైనల్లో పశ్చిమ జర్మనీని 2-0తో ఓడించింది. ఫిఫా టోర్నీ ఏదైనా ఒక ఆఫ్రికా దేశం గెలవడం అదే మొదటిసారి. ఆ తర్వాత 1993, 2007, 2013, 2015లలోనూ గెలిచి మొత్తం ఐదు కప్పులతో అందరికన్నా ముందుంది. ఇన్ని గెలిచిన నైజీరియా పెద్దల ప్రపంచ కప్పులో మాత్రం ప్రీక్వార్టర్స్ దాటి ఒక్కసారీ ముందుకు వెళ్ళలేదు. పదిహేడేళ్ళకు ప్రపంచాన్ని గెలిచిన కుర్రాళ్ళకు ఇరవై అయిదేళ్ళు వచ్చేసరికి ఏమవుతోంది? జవాబు మైదానంలో దొరకదు. మంచి మైదానాలు, జీతాలిచ్చే క్లబ్బులు, ఓపిగ్గా తీర్చిదిద్దే కోచ్‌లు ఎక్కడున్నారో చూస్తే కొంత అర్థమవుతుంది.

స్పెయిన్‌ది ఇంకో రకం కథ. 1991, 2003, 2007, 2017... నాలుగుసార్లు ఫైనల్ దాకా వచ్చి నాలుగుసార్లూ ఓడింది. ఆ కప్పు ఇప్పటికీ దాని చేతికి చిక్కలేదు.

అండర్‌-17 అంటే పదిహేడు నిండకూడదని కాదు. జనవరి 1ని గీతగా తీసుకుంటారు. 2017 టోర్నీకి 2000 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళంతా అర్హులే. కాబట్టి ఆ జనవరిలో పుట్టిన కుర్రాడికి అక్టోబర్‌లో టోర్నీ ఆడేనాటికి పదిహేడు దాటి తొమ్మిది నెలలు. అదే ఏడాది డిసెంబర్‌లో పుట్టినవాడికి ఇంకా పదహారే. ఈ వయసులో పదకొండు నెలల తేడా అంటే భుజాల్లో, పరుగులో, ఎత్తులో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అందుకే చాలా జట్లలో సంవత్సరం మొదటి నెలల్లో పుట్టినవాళ్ళు ఎక్కువగా కనిపిస్తారు. ఆలస్యంగా పుట్టిన మంచి ఆటగాడు కోచ్ కంట పడకుండానే జారిపోయే ప్రమాదం ఉంది.

మరి వయసు అబద్ధం చెబితే? ఈ ఆటను ఏళ్ళ తరబడి పట్టి పీడించిన జబ్బు ఇది. 1988లో అండర్‌-20 అర్హత పోటీల్లో మెక్సికో నలుగురు ఎక్కువ వయసు వాళ్ళను దింపి దొరికిపోయింది. ఫిఫా ఆ దేశపు జట్లన్నిటినీ రెండేళ్ళు నిషేధించింది. దాంతో సియోల్ ఒలింపిక్స్ పోయాయి, 1990 ప్రపంచ కప్పూ పోయింది. మరుసటి ఏడాది పుట్టినతేదీల తేడాలతోనే నైజీరియా మీద కూడా రెండేళ్ళ నిషేధం పడింది. కాగితాలను నమ్మి లాభం లేదని 2009 టోర్నీ నుంచి ఫిఫా ఎముకలను అడగడం మొదలుపెట్టింది. మణికట్టు దగ్గర ముంజేతి ఎముక చివర ఎదుగుదలకు ఆధారమైన మెత్తటి పొర ఒకటి ఉంటుంది. ఎముక ఎదగడం ముగిశాక అది గట్టిపడి ఎముకలో కలిసిపోతుంది. పదిహేడేళ్ళ లోపు అబ్బాయిల్లో ఆ పొర పూర్తిగా కలిసిపోయి కనిపించడం చాలా అరుదు. ఎక్స్‌రేతో కాకుండా ఎంఆర్ఐతో చూడటం వల్ల పిల్లలకు రేడియేషన్ బెడద కూడా ఉండదు.

ఈ విషయంలో అన్ని తప్పులనూ మోసాల కింద జమకట్టడం నాకు ఇష్టం లేదు. మన పల్లెల్లోనూ ఒకప్పుడు బడిలో చేర్చేనాడు మాస్టారు రాసిన తేదీయే పుట్టినతేదీ అయిపోయేది. తల్లిని అడిగితే ఫలానా తుపాను వచ్చిన ఏడనో, ఫలానా వాళ్ళ పెళ్ళికి ముందనో చెప్పేది. పుట్టుక నమోదే సరిగ్గా లేని చోట నుంచి వచ్చిన కుర్రాడికి తన అసలు వయసు తనకే తెలియకపోవచ్చు.

1989లో స్కాట్లాండ్‌లో పెద్ద విశేషమే జరిగింది. గ్లాస్గోలోని హాంప్‌డెన్ పార్క్‌లో యాభై వేల మందికి పైగా జనం. సొంత జట్టు సెమీఫైనల్లో పోర్చుగల్‌ను ఓడించి ఫైనల్ చేరింది. ఆ పోర్చుగల్ జట్టులో లూయిస్ ఫిగో ఉన్నాడు. ఫైనల్లో సౌదీ అరేబియాతో 2-2. పెనాల్టీ షూటౌట్‌లో సౌదీ గెలిచింది. ఈ కప్పు గెలిచిన ఆసియా దేశం ఇప్పటికీ అదొక్కటే. టోర్నీలో మేటి ఆటగాడికిచ్చే గోల్డెన్ బాల్ ఒక గోల్ కీపర్‌కు దక్కింది. ఆ కుర్రాడు స్కాట్లాండ్‌కు చెందిన జేమ్స్ విల్. ఫిగో తర్వాత ప్రపంచ మేటి ఆటగాడయ్యాడు. విల్ పోలీసు ఉద్యోగంలో చేరాడు. ఒకే టోర్నీ, ఒకే వయసు, రెండు దారులు. విల్ దారి చిన్నదని నేననుకోను.

బ్రెజిల్ 1997లో ఈజిప్టులో తొలిసారి గెలిచినప్పుడు జట్టులో రొనాల్డీన్యో అనే పల్చటి కుర్రాడున్నాడు. అయిదేళ్ళలో పెద్దల ప్రపంచ కప్ కూడా ఎత్తాడు. ఆ టోర్నీలోనే స్పెయిన్ జట్టు న్యూజిలాండ్‌ను 13-0తో చిత్తు చేసింది.

ఇదే బ్రెజిల్ 2009లో నైజీరియాకు తెచ్చిన జట్టు చూడండి: నెయ్మార్, కుటీన్యో, గోల్ కీపర్ అలిసన్. ఇలాంటి ముగ్గురున్న జట్టు లీగ్ దశలోనే ఇంటికి పోయింది! ఆ గ్రూపులో బ్రెజిల్‌ను ఓడించిన జట్లలో ఒకటి స్విట్జర్లాండ్. ఈ టోర్నీ ఆడటం స్విస్ కుర్రాళ్ళకు అదే మొదటిసారి. అయినా ఫైనల్ దాకా వెళ్ళి, నైజీరియాను దాని సొంతగడ్డ మీదే సెఫెరోవిచ్ గోల్‌తో 1-0తో ఓడించారు. మిడ్‌ఫీల్డ్‌లో బంతిని నడిపిన గ్రానిట్ జాకా తర్వాత స్విస్ పెద్దల జట్టుకు కెప్టెన్ అయ్యాడు.

ఎక్కువ గోల్స్ కొట్టినవాడికిచ్చే గోల్డెన్ బూట్ అందుకున్నవాళ్ళ జాబితా చూస్తూంటే నాకు మనసు అదోలా అవుతుంది. 2001లో ఫ్రాన్స్ కుర్రాడు సినామా పొంగోల్ తొమ్మిది గోల్స్ కొట్టి, గోల్డెన్ బాల్ కూడా తీసుకుని, దేశానికి కప్పు తెచ్చిపెట్టాడు. పెద్దల జట్టులో అతను ఆడిన మ్యాచ్ ఒకే ఒక్కటి. 2015లో చిలీలో నైజీరియా స్ట్రైకర్ విక్టర్ ఒసిమెన్ పది గోల్స్ కొట్టాడు. లాగోస్ నగరంలో ట్రాఫిక్ ఆగినచోట నీళ్ళ ప్యాకెట్లు అమ్మిన పిల్లాడు అతను. 2023లో ఇటలీలో నాపోలీని లీగ్ విజేతగా నిలిపి, ఆ ఏడాది ఆఫ్రికా మేటి ఆటగాడయ్యాడు.

ఈ కప్పులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన మ్యాచ్ 2011 సెమీఫైనల్. మెక్సికోలోని టొర్రెయోన్‌లో ఆతిథ్య జట్టుకూ జర్మనీకీ పోటీ. జర్మనీ 2-1తో ముందుంది. మెక్సికో ఆటగాడు ఎస్పెరిక్వేటా కొట్టిన కార్నర్ కిక్ ఎవరూ తాకకుండానే నేరుగా గోల్‌లోకి వెళ్ళింది. ఆ బంతి కోసం ఎగిరిన హూలియో గోమెజ్ తల ప్రత్యర్థికి తగిలి నెత్తురు కారింది. మైదానం బయట తలకు కట్టు కట్టారు. ఆ కట్టుతోనే మళ్ళీ లోపలికి వచ్చాడు. 90వ నిమిషంలో మరో కార్నర్. బంతి తన వెనక్కి వచ్చేసరికి గోమెజ్ గాలిలో వెల్లకిలా లేచి తల మీదుగా కాలు ఆడించాడు. గోల్! మెక్సికో 3-2. అజ్టెకా స్టేడియంలో దాదాపు లక్ష మంది ఎదుట ఉరుగ్వేను ఓడించి, ఈ కప్పును సొంతగడ్డ మీద గెలిచిన మొదటి దేశమైంది. గోల్డెన్ బాల్ గోమెజ్‌కే. పెద్దల ప్రపంచ కప్పులో ఆ పేరు మళ్ళీ వినబడలేదు. మెక్సికోలో ఆ తల కట్టును మాత్రం ఎవరూ మరిచిపోలేదు.

కుర్రాళ్ళ టోర్నీ ఫిఫాకు ప్రయోగశాల కూడా. 1993లో జపాన్‌లో బంతి పక్కగీత దాటితే చేత్తో విసరకుండా కాలితో కొట్టి లోపలికి పంపమన్నారు. ఆ పద్ధతి అక్కడితోనే ఆగిపోయింది. 2005లో పెరూలో బంతి లోపల చిప్ పెట్టి, గోల్ గీత దాటిందో లేదో పసిగట్టే ఏర్పాటు పరీక్షించారు. ఆ టోర్నీ మొత్తం కృత్రిమ గడ్డి మీదే జరిగింది. 2025లో ఖతర్‌లో కోచ్ చేతికి కార్డు ఇచ్చారు. రెఫరీ నిర్ణయం తప్పనిపిస్తే కార్డు చూపించి వీడియో చూడమని అడగొచ్చు. క్రికెట్లో రివ్యూ అలవాటైన మనకు ఇది కొత్తేమీ కాదు.

పెరూ పేరెత్తాను కాబట్టి ఆ దేశపు దురదృష్టం కూడా చెప్పాలి. 2019 ఆతిథ్యం ఇచ్చినట్టే ఇచ్చి, ఏర్పాట్లు సరిగా లేవని తీసేసుకున్నారు. 2021ది ఇచ్చారు, కరోనాతో అది రద్దయింది. 2023ది మళ్ళీ ఇచ్చారు, మళ్ళీ వెనక్కి తీసుకుని చివరికి ఇండోనేషియాకు అప్పగించారు. పెరూ చేజారిన 2019 టోర్నీ బ్రెజిల్‌కు వెళ్ళింది. అప్పటికి బ్రెజిల్ కుర్రాళ్ళు అర్హత పోటీల్లో ఓడి ఇంట్లో కూర్చున్నారు! ఆతిథ్య దేశం కాబట్టి నేరుగా చోటు దొరికింది. సెమీఫైనల్లో ఫ్రాన్స్ మీద 0-2తో వెనకబడి 3-2తో గెలిచారు. ఫైనల్లో మెక్సికో మీద కూడా ముందు గోల్ సమర్పించుకుని, చివరి నిమిషాల్లో 2-1తో కప్పు పట్టేశారు.

ఇక మన టోర్నీ. 2017లో ఢిల్లీ, నవీ ముంబై, గోవా, కొచ్చి, గువాహటి, కోల్‌కతా ఆతిథ్యం ఇచ్చాయి. తెలుగు నేలకు ఒక్క మ్యాచ్ రాలేదు. మొత్తం 13,47,133 మంది స్టేడియాలకు వచ్చి చూశారు. 1985లో చైనా పెట్టిన రికార్డు అప్పటిదాకా చెక్కుచెదరలేదు, దాన్ని మనవాళ్ళు దాటేశారు. క్రికెట్ తప్ప మనకేదీ పట్టదనేవాళ్ళకు ఈ అంకె చూపించండి. వానకు గువాహటి మైదానం పాడైతే ఇంగ్లండ్, బ్రెజిల్ సెమీఫైనల్‌ను ఉన్నపళంగా కోల్‌కతాకు మార్చారు. సాల్ట్ లేక్ స్టేడియం మళ్ళీ నిండిపోయింది. ఫైనల్లో స్పెయిన్ రెండు గోల్స్ ముందుంటే ఇంగ్లండ్ అయిదు కొట్టి 5-2తో గెలిచింది. వాటిలో రెండు ఫిల్ ఫోడెన్‌వి. మన ఇరవై ఒక్క మంది జట్టులో ఎనిమిది మంది ఒక్క మణిపూర్ నుంచే వచ్చారు.

అదే కోల్‌కతాలో జపాన్, న్యూ కాలెడోనియా మ్యాచ్‌కు ఈల పట్టుకుని మైదానంలోకి దిగింది స్విట్జర్లాండ్‌కు చెందిన ఎస్తేర్ స్టౌబ్లి. మగవాళ్ళ ఫిఫా టోర్నీ మ్యాచ్‌కు ఒక మహిళ రెఫరీగా ఉండటం అదే ప్రథమం. పసిఫిక్ సముద్రంలో మూడు లక్షల జనం కూడా లేని దీవి న్యూ కాలెడోనియా. ఆ రోజు జపాన్‌ను 1-1 దగ్గర ఆపేసింది. 2025లో ఖతర్‌లో జపాన్ మళ్ళీ ఎదురుపడితే 0-0. ఆ తర్వాతి మ్యాచ్‌లో న్యూ కాలెడోనియా మొరాకో చేతిలో 16-0తో ఓడింది. ఈ టోర్నీ చరిత్రలో ఇంత తేడా మరెప్పుడూ లేదు. 24 జట్ల పోటీని 48కి పెంచి, రెండేళ్ళకోసారి జరిగేదాన్ని ఏటా చేసిన తొలి టోర్నీ ఆ ఖతర్‌దే. పోర్చుగల్ గెలిచింది. చిన్న దేశాలకు ఇలా దారి తెరవడం మంచిదేనని నా నమ్మకం. 16-0 బాధ పెడుతుంది, నిజమే. అయితే ఆ పిల్లలే జపాన్‌ను గోల్ కొట్టనివ్వని పిల్లలు కూడా.

అమ్మాయిల కప్పు 2008లో మొదలైంది. మొదటి విజేత ఉత్తర కొరియా, ఎక్కువసార్లు గెలిచిందీ ఉత్తర కొరియాయే. 2022లో అది మన దేశానికి వచ్చింది. భువనేశ్వర్‌లో మన అమ్మాయిలు అమెరికా చేతిలో 8-0తో, మొరాకో చేతిలో 3-0తో, బ్రెజిల్ చేతిలో 5-0తో ఓడారు. అబ్బాయిల జట్టుకు జీక్సన్ గోల్ ఒకటైనా మిగిలింది. ఈ పిల్లల గోల్ ఇంకా బాకీ ఉంది.

చివరగా హైదరాబాద్ సంగతి ఒకటి. ఫిఫా కుర్రాళ్ళ టోర్నీలు పెట్టకముందే, 1974లో బ్యాంకాక్‌లో ఆసియా యూత్ ఛాంపియన్‌షిప్ జరిగింది. భారత జట్టు ఫైనల్ చేరి ఇరాన్‌తో 2-2గా ముగించింది. ఇద్దరినీ ఉమ్మడి విజేతలుగా ప్రకటించారు. ఆ రోజు మన జట్టు కెప్టెన్ పద్దెనిమిదేళ్ళ హైదరాబాదీ షబ్బీర్ అలీ. తర్వాత భారత జట్టుకూ కెప్టెన్ అయ్యాడు, కోల్‌కతా పెద్ద క్లబ్బులకు ఆడాడు, ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకున్న తొలి ఫుట్‌బాల్ ఆటగాడయ్యాడు. ఆసియా కుర్రాళ్ళ కప్పు ఆ తర్వాత మళ్ళీ మన చేతికి రాలేదు.