మాత్రలకు లొంగని జబ్బు

మీ ఇంట్లో ఏడెనిమిదేళ్ళ పిల్లలున్నారా? అయితే రేపు పొద్దున్న వాళ్ళు పళ్ళు తోముకున్న తర్వాత వెలుతురులో నిలబెట్టి, నోరు తెరిపించి ఒకసారి చూడండి. ముందు పళ్ళ మీద సుద్దముక్కతో రాసినట్టు తెల్లని మచ్చలు గాని, అడ్డంగా గీసినట్టు పసుపు, గోధుమ రంగు చారలు గాని కనిపిస్తున్నాయా?

కనిపిస్తే, "వీడు సరిగా తోముకోడు" అని పిల్లవాణ్ణి కోప్పడకండి. ఉప్పూ బొగ్గుపొడీ పెట్టి రుద్దకండి. పాచి అయితే చిగుళ్ళ దగ్గర పేరుకుంటుంది, శుభ్రం చేస్తే పోతుంది. ఈ చారలు చిగుళ్ళకు కాస్త ఎడంగా, పక్కపక్క పళ్ళ మీద జంటగా ఉంటాయి. ఎంత తోమినా పోవు. ఎందుకంటే అవి పంటి మీద లేవు, పంటి పింగాణీలోనే ఉన్నాయి. ఆ పన్ను చిగురు లోపల తయారవుతున్న రోజుల్లో పిల్లవాడు తాగిన నీళ్ళు వేసిన ముద్ర అది. ఆ నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండి ఉండవచ్చు. ఈ జబ్బునే ఫ్లోరోసిస్ అంటారు.

రాతిలోంచి నీటిలోకి, నీటిలోంచి ఎముకలోకి

ఫ్లోరైడ్ అంటే విషమేనా? కాదు. కొద్ది పాళ్ళలో అది పళ్ళు పుచ్చిపోకుండా కాపాడుతుంది. అందుకే టూత్‌పేస్టులో కలుపుతారు. మోతాదు మించితేనే చేటు. మన దేశపు తాగునీటి ప్రమాణాల ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీటి వసతి లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల దాకా ఒప్పుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసిన గీత కూడా 1.5 దగ్గరే ఉంది.

మన దక్కను పీఠభూమి కింద ఉన్నది నల్లరాయి, గ్రానైటు. ఆ రాళ్ళలోని కొన్ని ఖనిజాల్లో ఫ్లోరైడ్ ఉంటుంది. భూమి లోపలి నీళ్ళు ఏళ్ళ తరబడి వాటిని రాసుకుంటూ నిలిచి, ఫ్లోరైడ్‌ను తమలో కరిగించుకుంటాయి. చాలాచోట్ల బోరు లోతుకు పోయిన కొద్దీ ఈ బెడద పెరుగుతుంది. వానచెరువు నీళ్ళలో, పారే ఏటి నీళ్ళలో మామూలుగా ఇది తక్కువే.

ఈ నీటిలో వచ్చిన చిక్కు ఏమిటంటే, చూడడానికి తేటగా ఉంటుంది. వాసన రాదు. రుచిలో తేడా తెలియదు. కలరా, టైఫాయిడ్ క్రిములయితే నీళ్ళు కాస్తే చస్తాయి. ఫ్లోరైడ్ క్రిమి కాదు కనుక కాచినా పోదు. పైగా నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీటిలో దాని పాలు పెరుగుతుంది.

ఒంట్లోకి వెళ్ళిన ఫ్లోరైడ్‌లో కొంత మూత్రంతో పోతుంది. మిగిలింది ఎముకల్లో పేరుకుంటుంది. ఏళ్ళు గడిచేసరికి నడుమూ మెడా పట్టేస్తాయి, కీళ్ళు నొస్తాయి, వంగడం కష్టమవుతుంది. ముదిరితే వెన్నెముక కర్రలా బిగుసుకుపోయి మనిషి ఉన్నవాడు ఉన్నట్టు వంగిపోతాడు. అంతా వయసు వల్ల వచ్చిన వాతమేనని ఇంట్లోవాళ్ళు నూనె రాస్తూ, నొప్పి మాత్రలు తెస్తూ ఉంటారు. మాత్ర నొప్పిని రెండు పూటలు మరిపిస్తుంది. సాయంత్రం మళ్ళీ అదే బోరు నీళ్ళు తాగుతారు.

మందులషాపులో దొరకని మందు

మన తెలుగునేలకు ఈ జబ్బు కొత్తది కాదు. అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో మనుషుల కీళ్ళు పట్టేయడానికి ఫ్లోరైడే కారణమని 1937లోనే షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు ప్రకటించారు. 1955లో నల్లగొండ జిల్లాలోని ఫ్లోరోసిస్ గురించి ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో వ్యాసం వచ్చింది. పిల్లల మోకాళ్ళు రెండూ లోపలికి వంగి ఒకదానికొకటి రాసుకునే వికారాన్ని గురించి హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 1973లో లోకానికి చెప్పారు. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను తేర్చే పద్ధతిని నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధనా సంస్థ రూపొందించి దానికి "నల్లగొండ పద్ధతి" అని పేరే పెట్టింది.

చూశారా? కారణం తెలుసు, నివారణ తెలుసు, జిల్లా పేరు సైన్సు పుస్తకాలకెక్కింది. కాని మర్రిగూడ, మునుగోడు వైపు పల్లెల్లో అమ్మలు బిందెలతో మోసుకొచ్చింది మాత్రం అదే చేతిపంపు నీళ్ళు. నడవలేని పిల్లలను తల్లిదండ్రులు చంకనెత్తుకుని బడికి తీసుకుపోయారు. ఆ ఊళ్ళతో సంబంధాలు కలుపుకోవడానికి పొరుగూళ్ళవాళ్ళు వెనుకాడారు. శాస్త్రజ్ఞుడికి తెలిస్తే సరిపోదు, డాక్టరు రాస్తే సరిపోదు. ఈ జబ్బుకు మందు మందులషాపులో లేదు, కృష్ణానదిలో ఉంది. దాన్ని ఊరికి తేవలసింది సర్కారు. సర్కారు చేత తెప్పించవలసింది జనం.

ఆ పనికి పూనుకున్నది జల సాధన సమితి. బ్యాంకు ఉద్యోగం వదిలి వచ్చిన దుశర్ల సత్యనారాయణ దాన్ని నడిపించారు. అర్జీలు పెట్టారు, ఊరేగింపులు తీశారు. వినేవాళ్ళు కరువైనప్పుడు 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఒక విచిత్రమైన పని చేశారు. నల్లగొండ స్థానానికి నామినేషన్లు వేయవలసిందిగా రైతులను, బాధితులను కోరారు. ఆ రోజుల్లో సాధారణ అభ్యర్థి కట్టవలసిన డిపాజిట్టు 500 రూపాయలే. చివరికి బరిలో మిగిలినవారి సంఖ్య ఎంతో తెలుసా? అక్షరాలా 480 మంది!

ఓటు కాగితం పుస్తకమంత అయింది. పోలింగు వాయిదా పడింది. వీళ్ళలో గెలుద్దామని నిలబడ్డవాళ్ళు ఎందరు? దాదాపు అందరికీ డిపాజిట్లు పోతాయని ముందే తెలుసు. వాళ్ళు అడిగింది పదవి కాదు, మంచినీళ్ళు. పత్రికలో నాలుగు పంక్తులకు నోచుకోని జబ్బు దేశమంతటా చర్చకు వచ్చింది. అదే ఏడు డిపాజిట్టును 10,000 రూపాయలకు పెంచుతూ చట్టం మార్చారు. అంటే వాళ్ళ అర్జీ ఢిల్లీ దాకా గట్టిగానే వినిపించిందన్నమాట!

నీళ్ళు మర్నాడే రాలేదు. విడతలు విడతలుగా కృష్ణా జలాలు పైపుల్లో పల్లెలకు చేరాయి. దేశవ్యాప్తంగా ఫ్లోరోసిస్ నివారణ కార్యక్రమాన్ని కేంద్ర ప్రభుత్వం 2008-09లో ప్రారంభించింది. తెలంగాణ ఏర్పడిన తర్వాత మిషన్ భగీరథ పథకం వచ్చింది. రాష్ట్రంలో ఫ్లోరైడ్ నీళ్ళు తాగవలసిన ఆవాసాలు ఇక లేవని 2020లో కేంద్రం లెక్క తేల్చింది. అయితే, అప్పటికే వంగిపోయిన ఎముకలు మళ్ళీ నిటారు కాలేదు. ఆలస్యమైన ప్రతి ఏడూ కొందరు పిల్లల కాళ్ళ మీద పడింది. అందుకే ఇంత కథ మీకు చెప్పవలసి వచ్చింది. మీ ఊళ్ళో ఈ పని ఆలస్యం కాకూడదు.

ఇంట్లో చేసుకోగల మూడు పరీక్షలు

పెద్దవాళ్ళలో అనుమానం ఉంటే ఈ మూడూ చేయించి చూడండి.

మొదటిది: నేల మీద ఒక రూపాయి బిళ్ళ పెట్టి, మోకాళ్ళు వంచకుండా తీయమనండి. రెండోది: గడ్డాన్ని ఛాతీకి ఆనించమనండి. మూడోది: రెండు చేతులూ చాచి, మోచేతులు మడిచి, తల వెనక్కు పెట్టుకోమనండి.

ఇవి చేయలేకపోయినంత మాత్రాన ఫ్లోరోసిస్ అని నిర్ధారించుకోకండి. నడుము నొప్పికి, కీళ్ళ బిగువుకు వేరే కారణాలు ఎన్నో ఉన్నాయి. అయితే ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి, లేదా ఒకే పంపు నీళ్ళు తాగేవాళ్ళలో పదిమందికి ఇలా ఉంటే, అప్పుడు అనుమానించవలసింది నీళ్ళనే. డాక్టరు దగ్గరకు వెళ్ళినప్పుడు "మేము ఫలానా బోరు నీళ్ళు తాగుతాం" అని మరచిపోకుండా చెప్పండి. మూత్ర పరీక్ష, ఎక్స్‌రే అవసరమో కాదో ఆయన నిర్ణయిస్తారు.

నీళ్ళు మారేలోగా

పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ముందుగా మంచినీళ్ళు కేటాయించండి. తాగడానికే కాదు, అన్నం, పప్పు వండడానికీ ఆ నీళ్ళే వాడండి. బోరు నీళ్ళతో స్నానం చేస్తే, బట్టలుతికితే భయం లేదు.

మామూలు కొవ్వొత్తి ఫిల్టరు గాని, క్రిములను చంపే యు.వి. యంత్రం గాని ఫ్లోరైడ్‌ను తీయలేవు. ఆర్.ఓ. యంత్రం తీస్తుంది, కాని లోపలి పొరను వేళకు మార్చకపోతే ఉన్నా లేనట్టే. డబ్బాల్లో నీళ్ళు కొనుక్కునేవారు ఆ ప్లాంటువారిని నీటి పరీక్ష కాగితం చూపమని అడగండి. అడగడం మీ హక్కు. పటిక పద్ధతి మంచిదే గాని, ఎంత పటిక, ఎంత సున్నం అన్నది ఆ నీటిలోని ఫ్లోరైడ్‌ను, క్షారాన్ని బట్టి ఉంటుంది. ఉరామరికగా వేసి తాగకండి.

తిండి బలంగా ఉన్నవారిని ఈ జబ్బు అంత తొందరగా లొంగదీసుకోదు. పాలు, పెరుగు, రాగులు, ఆకుకూరల్లో ఉన్న కాల్షియం, ఉసిరి, జామ, నిమ్మల్లో ఉన్న సి విటమిన్ మేలు చేస్తాయి. మన చింతపండు కూడా అక్కరకు వచ్చేదే. రోజూ పది గ్రాముల చింతపండు తిన్న కొద్దిమంది బడి పిల్లల మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయిందని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 2002లో తెలిపారు. అలాగని చారు తాగుతూ బోరు నీళ్ళతో కాలక్షేపం చేయమని కాదు. టీ ఆకులో ఫ్లోరైడ్ ఉంటుంది కనుక ఈ ఊళ్ళవారు పిల్లలకు టీ అలవాటు చేయకపోవడం మంచిది. ఆరేళ్ళలోపు పిల్లలకు టూత్‌పేస్టు బఠాణీ గింజంతే వేసి, ఉమ్మేయడం నేర్పండి.

నలుగురూ కలిసి చేయవలసింది

ఇక అసలు సంగతి. ఎవరింట్లో వారు యంత్రం పెట్టుకుంటే ఆ ఇల్లు బాగుపడుతుంది. ఆ ఇంట్లో పనిచేసే మనిషి పిల్లలు తాగేది మాత్రం వీధి పంపు నీళ్ళే. అందుకని వీధివారంతా కలవండి.

ముందు నీళ్ళు పరీక్ష చేయించండి. పంపును కొన్ని నిమిషాలు కొట్టి, పాత నీళ్ళు పోనిచ్చి, శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో ఒక లీటరు పట్టండి. సీసా మీద ఏ వీధి, ఏ బోరు, ఏ తేదీ అన్నది రాయండి. ప్రభుత్వ నీటి పరీక్షా కేంద్రాల్లో కొద్దిపాటి రుసుముతో ప్రజలూ పరీక్ష చేయించుకోవచ్చు. జల్ జీవన్ మిషన్ కింద గ్రామానికి ఐదుగురు స్త్రీలకు నీటి పరీక్షలో శిక్షణ ఇవ్వాలన్న ఏర్పాటు ఉంది. మీ ఊళ్ళో వాళ్ళెవరో పంచాయతీలో కనుక్కోండి.

తరువాత బడి పంతులుగారి సాయంతో పళ్ళ మీద చారలున్న పిల్లలు ఎందరో లెక్క తీయండి. పిల్లల పేర్లు అక్కరలేదు, అంకె చాలు. "నీళ్ళు బాగాలేవండీ" అని నోటితో అంటే అధికారి తల ఊపి పంపేస్తాడు. "ఫలానా బోరులో లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములు, ఆ వీధి పిల్లల్లో ఇంతమందికి చారలు" అని కాగితం మీద పెడితే ఆ కాగితానికి జవాబు రాయక తప్పదు.

ఆ అర్జీని గ్రామసభలో తీర్మానంగా పెట్టించండి. పట్నమయితే వార్డు మెంబరు చేత మున్సిపల్ కమిషనరుకు పంపండి. అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. నెల గడిచినా ఉలుకూ పలుకూ లేకపోతే, మా అర్జీ ఏమయిందని 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడగండి. ముప్ఫై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఫ్లోరైడ్ ఎక్కువ ఉన్న పంపుకు ఎర్ర రంగు వేసి, "తాగరాదు" అని రాయించడం ఎంత చిన్న పని! అదయినా ముందు జరిగేలా చూడండి.

కుళాయి నీళ్ళు వచ్చిన ఊళ్ళవారికీ ఒక మాట. "బోరు నీళ్ళే రుచి" అని కుళాయి నీళ్ళు గిన్నెలు తోమడానికి వాడి, తాగడానికి మళ్ళీ బోరు దగ్గరికే పోయే పెద్దలున్నారు. ఆ నీటి కోసం అంతమంది పడ్డ పాటు ఏమిటో వాళ్ళకు చెప్పండి. కుళాయి రెండు రోజులు రాకపోతే ఊరుకోకుండా వెంటనే ఫిర్యాదు చేయండి. కుళాయి ఆగిన రోజున జనం మళ్ళీ వెళ్ళేది ఆ పాత పంపు దగ్గరికే.

రేపు పొద్దున్న పిల్లల పళ్ళు చూడడం మరచిపోకండి. మీ పిల్లల పళ్ళు ముత్యాల్లా ఉంటే సంతోషం. అప్పుడు పక్క వీధి పిల్లలను పిలిచి, వాళ్ళ పళ్ళూ ఒకసారి చూడండి.