బజారుకు కూడా ముగ్గు కావాలి

ధనుర్మాసం వచ్చిందంటే పర్చూరులో ఆడవాళ్ళు తెల్లవారకముందే లేస్తారు. వాకిలి ఊడుస్తారు. పేడనీళ్ళతో కళ్ళాపి చల్లుతారు. ముగ్గు పెడతారు. ముగ్గు నడుమ గొబ్బెమ్మలు పెట్టి, వాటి మీద గుమ్మడిపూలు గుచ్చుతారు.

తెల్లారాక ఆ బజారున పోయేవాళ్ళు ఏం చేస్తారు? ముగ్గు తొక్కకుండా పక్కకు జరిగి నడుస్తారు. సైకిలు మీద పోయే పిల్లవాడు కూడా హ్యాండిలు తిప్పుకుంటాడు. ఒకామె ఆగి, "ఎన్ని చుక్కలు పెట్టావు వదినా?" అని అడుగుతుంది. మాట కలుస్తుంది.

నిన్నటిదాకా అది ఉత్త దారి. ఇవాళ నలుగురూ నిలబడే చోటు.

చోటును చూసి, దానికి తగ్గట్టు వస్తువులు అమర్చే కళ ఒకటుంది. దాని పేరు ఇన్‌స్టలేషన్ ఆర్ట్. 'అమరిక కళ' అనుకోవచ్చు. దాని చుట్టూ తిరిగి చూడవచ్చు. కొన్నిటిని తాకవచ్చు కూడా.

పట్నంలో కొరత

పట్నంలో చాలా ఇళ్ళకు వాకిలి లేదు. ముగ్గుకు చోటు లేదు. బస్టాండులో, కూడలిలో వందలమంది తిరుగుతారు. ఎవరి తొందర వాళ్ళది. ఒంటరిగా బస్సు కోసం నిలబడ్డ ఆడమనిషికి బెరుకు. ఆ చోటు తనదని ఎవరూ అనుకోరు. అందుకే అక్కడ చెత్త పోస్తారు. ఉమ్ముతారు.

అలాంటి చోట నలుగురినీ ఆపే వస్తువు ఒకటి ఉంటే?

తెనాలి ఇనుప బొమ్మలు

తెనాలి శిల్పులకు పేరున్న ఊరు. అక్కడ సూర్య శిల్పశాల ఉంది. కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కొడుకు రవిచంద్ర పాత ఇనుముతో బొమ్మలు చేస్తారు. బండ్ల గొలుసులు, పళ్ళ చక్రాలు, బేరింగులు, నట్లు, బోల్టులు తెస్తారు. ముక్కా ముక్కా వెల్డింగుతో అతుకుతారు. 75 వేల నట్లతో 10 అడుగుల గాంధీ బొమ్మ చేశారు. అందులో గాంధీ ధ్యానంలో ఉంటారు.

ఇలాంటి బొమ్మ కూడలిలో ఉంటే మెకానిక్ ఆగుతాడు. "ఇవి మా షెడ్డులో పారేసే ముక్కలే!" అంటాడు. పక్కనున్న ముసలమ్మ నవ్వుతుంది. పిల్లలు నట్లు లెక్కపెడతారు. ముక్కూ ముఖం తెలియని వాళ్ళు మాట్లాడుకుంటారు.

మాటలు రాసే గోడ

అమెరికాలో న్యూ ఆర్లీన్స్ అనే పట్నం ఉంది. అక్కడ కాండీ చాంగ్ అనే కళాకారిణికి తల్లిలాంటి మనిషి చనిపోయింది. ఆ దుఃఖంలో ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. 2011లో ఒక పాడుపడ్డ ఇంటి గోడకు నల్లబల్ల రంగు వేసింది. 'నేను చనిపోయేలోగా చేయాలనుకున్నది' అని రాసి, పక్కన ఖాళీ గీతలు వదిలింది. సుద్దముక్కలు పెట్టింది.

మర్నాటికి గోడ నిండిపోయింది. దారినపోయే వాళ్ళు తమ కోరికలు రాశారు. పక్కవాళ్ళ కోరికలు చదివారు. తర్వాత 70కి పైగా దేశాల్లో ఇలాంటి గోడలు వెలిశాయి.

ఆ గోడ మీద రాయాలంటే బొమ్మలు గీయటం రానక్కర్లేదు. అక్షరం వస్తే చాలు. అక్షరం మీకూ వచ్చింది.

బొమ్మ ఒక్కటే చాలదు

దీపం లేని బస్టాండులో ఎంత మంచి బొమ్మ పెట్టినా భయం పోదు. కూర్చునే బల్ల, మంచినీళ్ళు, మరుగుదొడ్డి ముందు కావాలి. ఆ తర్వాత బొమ్మ. అది ఎక్కడ ఉండాలో, ఎలా ఉండాలో అక్కడ రోజూ తిరిగేవాళ్ళను అడగాలి. ఆడవాళ్ళనూ అడగాలి. పెట్టి వదిలేస్తే దుమ్ము పడుతుంది, తుప్పు పడుతుంది. ముగ్గును చూసుకున్నట్టే దాన్నీ చూసుకోవాలి.

వాకిలి అందంగా ఉంచటం ఆడవాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేదు. గడప దాటి ఊరి చోటు గురించి కూడా వాళ్ళు మాట్లాడాలి. గ్రామసభలో అడగాలి.

చర్చించండి

1. మీ ఊళ్ళో నిలబడటానికి బెరుకనిపించే చోటు ఏది? ఎందుకు?
2. అక్కడ ముందుగా ఏం కావాలి?
3. ఈ ఖాళీ నింపండి. పక్కామెకు చదివి వినిపించండి.

మా ఊరి బస్టాండులో ______________ ఉండాలి.