పట్టికకు పరిచయ పత్రము

గ్రంథాలయమున పుస్తకమునకు సూచిక యెట్టిదో, ప్రభుత్వము ప్రజల యెదుట నుంచు గణాంకములకు వివరణ పత్రము అట్టిది. భారత ప్రభుత్వము 2012లో దత్తాంశములను అందరితో పంచుకొను విధానమును ప్రకటించి, ఆ యేటనే అంతర్జాలమున అందులకు ఒక వేదికను నెలకొల్పినది. అందుండి ఎవరైనను పట్టికలను ఉచితముగా గైకొనవచ్చును. అయితే పట్టిక దొరకుట వేరు, అది బోధపడుట వేరు.

వరంగల్లునే తీసికొందము. పాత వరంగల్లు జిల్లా 2016లో పలు జిల్లాలుగా విడిపోయినది. 2021లో వరంగల్లు అర్బన్ జిల్లా హనుమకొండ యైనది. రూరల్ జిల్లా వరంగల్లు అయినది. కనుక 2011 జనాభా లెక్కలలోని వరంగల్లునకును, నేటి వరంగల్లునకును పేరొక్కటియే గాని నేల యొక్కటి కాదు. రెండు పట్టికలను ప్రక్కప్రక్కన నుంచి చూచినవారు, జనము హఠాత్తుగా తరిగిరని భ్రమింతురు. ఆ భ్రమపై ఆసుపత్రులకు పడకలు కేటాయించినచో, నష్టపడువారు రోగులే.

కావున ప్రతి పట్టికకును కొన్ని వివరములు తోడు కావలెను. లెక్క యెవరు తీసిరి? ఏ కాలమునకు, ఏ సరిహద్దులకు చెందినది? విస్తీర్ణము ఎకరములా, హెక్టారులా? హెక్టారనగా రమారమి రెండున్నర ఎకరములు గదా! ఖాళీ గడికి అర్థము సున్నయా, లెక్క అందలేదనియా? మరల సవరించిన దెన్నడు? వాడుకొనుటకు షరతులేవి?

ఈ వివరములను ఎల్లెడల ఒకే తీరున వ్రాయుటకై, వెబ్ ప్రమాణములను నిర్ణయించు అంతర్జాతీయ సంస్థ 2014లో 'డీక్యాట్' అను పద్ధతిని ఆమోదించినది. దానిని పాటించినచో, ఒక వేదికలోని జాబితాను వేరొక వేదిక యంత్రము సైతము చదువగలదు.

అంకె తనంతట తాను మాటలాడదు. దాని పుట్టుపూర్వోత్తరములు తెలిసినప్పుడే అది సాక్ష్యమగును.